పొలంలో తప్పిన ఫలితాన్ని థీసిస్‌లో రాయాలా?

నెల్లూరు జిల్లా నుంచి ఒక లెక్చరర్ రాసిన ఉత్తరం ఇది. పేరు, యూనివర్సిటీ బయటపెట్టవద్దన్నారు. ఉత్తరం చాలా పొడవుగా ఉంది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె వయసు 37. కంప్యూటర్ సైన్స్ విభాగంలో కాంట్రాక్టు పద్ధతిలో అసిస్టెంట్ ప్రొఫెసర్. ఏటా రెన్యువల్ కావాల్సిందే. ల్యాబులతో కలిపి వారానికి 22 గంటలు క్లాసులు. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో ఇది ఐదో ఏడు. వరి ఆకు ఫొటో చూసి తెగులు ఏదో చెప్పే డీప్ లెర్నింగ్ మోడల్ తయారు చేయడం ఆమె అంశం. నెట్‌లో ఉచితంగా దొరికే ఫొటోల మీద 97 శాతం కచ్చితత్వం వచ్చింది. గైడ్ సంతోషించి సినాప్సిస్ (థీసిస్‌కు ముందు ఇచ్చే సారాంశం) రాయమన్నారు.

సంక్రాంతికి కోవూరు దగ్గర పుట్టింటికి వెళ్లినప్పుడు ఆ మోడల్‌ను ఫోన్‌లో పెట్టుకుని నాన్న పొలంలో పరీక్షించారు. సగానికి పైగా తప్పు చెప్పింది. అగ్గి తెగులును గోధుమ మచ్చ అంది, ఏ తెగులూ లేని ఆకుకు ఎండాకు తెగులు అంది. నాన్న కాసేపు చూసి, తన తెల్ల తుండు ఆకు వెనక పట్టుకుని “ఇప్పుడు తియ్యమ్మా” అన్నారు. అప్పుడు సరిగ్గా చెప్పింది. తుండు తీసేస్తే మళ్లీ తప్పు. ఈ సంగతి గైడ్‌కు చెబితే, “పొలం సంగతి ఫ్యూచర్ వర్క్‌లో ఒక లైను రాసెయ్ అమ్మా. ఇప్పుడు దాన్ని తవ్వుకుంటూ కూర్చుంటే ఇంకో రెండేళ్లు పోతాయి” అన్నారు. ఆయన మంచివారని, అయిదేళ్లుగా ఎంతో సాయం చేశారని ఆమె రాశారు.

రెండో బాధ: విభాగానికి ఇన్‌స్పెక్షన్ దగ్గర పడింది, అందరూ పేపర్లు చూపించాలి. ఒక మధ్యవర్తి 35 వేలు కడితే మూడు వారాల్లో ‘స్కోపస్ గ్యారంటీ’ అంటున్నాడు, అంటే స్కోపస్ అనే అంతర్జాతీయ సూచికలో ఉన్న పత్రికలో పేపర్ వేయిస్తానని. ఇద్దరు సహోద్యోగులు ఇప్పటికే కట్టారు.

మూడోది క్లాసు. ఎంసీఏ మొదటి సెమిస్టర్‌లో ఉదయగిరి, వరికుంటపాడు, కొండాపురం వైపు నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు ఎక్కువ. ఏఐ వచ్చాక రికార్డులు ముత్యాల్లా ఉంటున్నాయి. లూప్ అయిపోయాక వేరియబుల్‌లో ఎంత ఉంటుందని అడిగితే మాత్రం తల దించుకుంటున్నారు. ఈమె సాయంత్రాలు ఆగి వాళ్లకు తెలుగులో చెబుతున్నారు, పిల్లలు చేసే తప్పులన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నారు. “పాఠం ఎంత బాగా చెప్పినా ప్రమోషన్ రాదు, పేపర్లకే వస్తుంది” అని ఒక సీనియర్ హితవు చెప్పారు. ఇంట్లో భర్త, “పాప తొమ్మిదో తరగతికి వచ్చింది, ఇక ఆపేయ్” అంటున్నారు.

“పీహెచ్‌డీ మానేయాలా? గైడ్ చెప్పినట్టు చేసి బయటపడాలా? పాఠాలు తగ్గించుకుని పరిశోధన చూసుకోవాలా? ఏది చేసినా ఎవరినో ఒకరిని మోసం చేసినట్టే అనిపిస్తోంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు” అని ఉత్తరం ముగించారు.

*

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది మీ నాన్నగారి తుండు. మీరు ఆ సంఘటనను సిగ్గుపడుతూ రాశారు. అయిదేళ్లలో మీకు దొరికిన అసలైన ఫలితం అదేనని నా నమ్మకం. మిగతా సమాధానమంతా దాని చుట్టూనే ఉంటుంది.

ముందు ఒక సంగతి. మీకు జరిగింది మీ ఒక్కరికే జరగలేదు. ఆకుల తెగుళ్ల మీద పనిచేసే వాళ్లందరికీ తెలిసిన ప్లాంట్‌విలేజ్ ఫొటోల సంపుటిలో 14 పంటలవి 54 వేలకు పైగా ఫొటోలు ఉన్నాయి. ఎక్కువ భాగం ఆకును తుంచి, ఒకే రంగు కాగితం మీద పెట్టి తీసినవి. 2016లో వాటి మీద వచ్చిన ప్రసిద్ధమైన పేపర్‌లో కచ్చితత్వం 99.35 శాతం. అదే మోడల్‌కు వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు ఇస్తే 31 శాతం దగ్గరకు పడిపోయింది. ఆ మాట వాళ్లు దాచలేదు, పేపర్‌లోనే రాశారు. 2022లో ఇంకొకరు అదే సంపుటిని తీసుకుని, ఆకును పూర్తిగా పక్కనపెట్టి, ఫొటో అంచుల్లోని నేపథ్యం నుంచి 8 పిక్సెళ్లు మాత్రమే మోడల్‌కు చూపించారు. 49 శాతం సరిగ్గా చెప్పింది. గుడ్డిగా ఊహిస్తే వచ్చేది 2.6 శాతమే. అంటే ఆ మోడల్ ఆకును చూడకుండానే, కాగితం రంగునూ వెలుతురునూ పట్టుకుని సగం జవాబులు చెప్పేస్తోంది.

మీ నాన్నగారు ఏ పేపరూ చదవకుండా, పొలం గట్టున నిలబడి ఇదే ప్రయోగం చేశారు. నేపథ్యం మార్చి చూశారు, జవాబు మారింది. పరిశోధన అంటే మరేమిటి?

అయితే తుండు ఒక్కటే కారణమని ఇప్పుడే తేల్చేయకండి. మరో అనుమానం కూడా తీర్చుకోవాలి. ఒక్కో ఫొటోను తిప్పి, కోసి, వెలుతురు మార్చి నాలుగైదు చేసే పని మీరూ చేసే ఉంటారు. ఆ పని మోడల్‌కు నేర్పే ఫొటోలు (ట్రెయినింగ్), దాన్ని పరీక్షించే ఫొటోలు (టెస్ట్) విడదీయక ముందు చేశారా, విడదీశాక చేశారా? ముందే చేసి ఉంటే ఒకే ఆకు రెండు వైపులా చేరుతుంది. పరీక్ష పేపర్ ముందురోజే చూసిన విద్యార్థికి వచ్చిన మార్కుల్లాంటిది అప్పుడు ఆ 97. ఒక సాయంత్రం కూర్చుని కోడ్‌లో ఈ వరుస చూడండి. తప్పు దొరికితే భయపడొద్దు, సరిచేసి మళ్లీ నడపండి. అంకె తగ్గినా అది నిలబడే అంకె అవుతుంది.

ఇక మీ ముందున్న దారులు.

గైడ్ చెప్పినట్టు ఉన్నది ఉన్నట్టు సబ్మిట్ చేయడం ఒకటి. దీన్ని నేను నేరమనడం లేదు. ఇలాంటి థీసిస్‌లు చాలానే వస్తున్నాయి, మీకూ డిగ్రీ వచ్చే అవకాశమే ఎక్కువ. కానీ వైవాలో (థీసిస్ మౌఖిక పరీక్షలో) బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ “పొలంలో పరీక్షించారా?” అని ఒక్క ప్రశ్న అడిగితే మీరేం చెబుతారు? “లేదు” అంటే అబద్ధం, “అవును” అంటే దాచినట్టు. థీసిస్ తర్వాత శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భండారంలోకి వెళుతుంది, ఎవరైనా చదువుతారు. ఇంకో సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. ఎండాకు తెగులును అగ్గి తెగులని చెబితే రైతు ట్రైసైక్లాజోల్ కొని కొడతాడు. అది శిలీంధ్రం మందు, బాక్టీరియాతో వచ్చే ఎండాకు తెగులుకు పనిచేయదు. డబ్బు పోతుంది, ఈలోపు తెగులు పాకుతుంది. ఆ అంకె నమ్మి రేపు ఎవరైనా యాప్ చేస్తే నష్టపోయేది మీ నాన్నగారి లాంటి వాళ్లే. మీకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఇదేననుకుంటున్నాను.

మధ్యలో ఇంకో దారి ఉంది, మీ ఉత్తరంలో అది లేదు. పనిని పెంచకుండా మాటను కుదించుకోవడం. “ఈ ఫలితం ఒకే రకం నేపథ్యంలో తీసిన ఫొటోలకు మాత్రమే వర్తిస్తుంది, పొలంలో ఇంత మేర తప్పింది” అని సారాంశంలోనే రాసి, సంక్రాంతికి తీసిన ఫొటోలతో, తుండు ప్రయోగంతో ఒక విభాగం చేర్చడం. రెండు మూడు నెలల పని. థీసిస్ గొప్పగా ఉండదు, నిజాయితీగా మాత్రం ఉంటుంది. ఇంట్లో పరిస్థితి నిజంగా గట్టిగా ఉంటే ఈ దారి చాలు, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

మూడోది ఒక పూర్తి రబీని ఈ పనికి ఇవ్వడం. నా మొగ్గు దీనివైపే. అగ్గి తెగులు డిసెంబరు, జనవరి మంచుకు ఎలా విజృంభిస్తుందో మీకు చిన్నప్పటి నుంచి తెలుసు. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, ఇందుకూరుపేట పొలాల్లో కొన్ని, కందుకూరు వైపు వేరే నేలల్లో కొన్ని ఎంచుకుని, మామూలు ఫోన్లతో, పొద్దున మంచు తడి ఉన్నప్పుడు, మధ్యాహ్నం ఎండలో, నీళ్ల మెరుపుతో సహా ఫొటోలు తీయించండి. ప్రతి ఫొటోకూ పొలం, తేదీ, వంగడం రాయండి. బీపీటీ 5204 వంగడం అగ్గి తెగులుకు తట్టుకోలేదు, దాన్ని తట్టుకునే ఎన్ఎల్ఆర్ 34449 పొలంతో పోల్చినప్పుడు తేడా మీ లెక్కల్లోనూ కనిపించాలి. ట్రెయినింగ్, టెస్ట్ విడదీసేటప్పుడు ఫొటోల వారీగా కాకుండా పొలాల వారీగా విడదీయండి. మోడల్ ఒక్కసారి కూడా చూడని పొలంలోనే దానికి పరీక్ష పెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం, తెగులు పేరు ఎవరు నిర్ణయిస్తారన్నది. ముదిరిన అగ్గి తెగులులో నూలుకండె ఆకారంలో, మధ్యలో బూడిద రంగుతో మచ్చ ఉంటుంది కాబట్టి మీరూ చెప్పగలరు. మొదట్లో చిన్న చుక్కగా ఉన్నప్పుడు గోధుమ మచ్చకూ దానికీ తేడా పట్టడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. జింకు లోపంతో వచ్చే తుప్పు రంగు మచ్చలు ఇంకో గందరగోళం. నెల్లూరులోనే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి తెగుళ్ల శాస్త్రవేత్త పేర్లు సరిచూస్తే మీ ఫొటోల విలువే మారిపోతుంది. నెల్లూరు పొలాల్లో తీసి, నిపుణులు పేర్లు పెట్టిన ఫొటోల సంపుటి ఒకటి తయారైతే, అది మీ మోడల్ కన్నా ఎక్కువ కాలం బతుకుతుంది. ఇక్కడ పుట్టి పెరిగి, ఇక్కడే పాఠం చెప్పే మనిషి చేయగలిగిన పని ఇది. ఎక్కడో తీసిన ఫొటోల మీద అంకెను మరో అర శాతం పెంచడానికి మీరే కావాలా?

దీనికయ్యే ఖర్చు మాత్రం నిజం. కనీసం ఏడాది. మీరు చేరిన సంవత్సరాన్ని బట్టి యూజీసీ 2016 నిబంధనలు గానీ 2022వి గానీ వర్తిస్తాయి. రెండింటిలోనూ గరిష్ఠ గడువు ఆరేళ్లు, మహిళలకు మరో రెండేళ్ల సడలింపు ఉంది. అంటే గడువు గోడ మీరు భయపడినంత దగ్గర్లో లేదు. అయినా మీ యూనివర్సిటీ దాన్ని ఎలా అమలు చేస్తోందో పరిశోధన విభాగంలో కాగితం మీద అడిగి తెలుసుకోండి.

గైడ్ గారి సంగతి. ఆయన మీ మేలు కోరే చెప్పారనుకుంటున్నాను. అయిదేళ్లు నిండుతున్న కాంట్రాక్టు లెక్చరర్ త్వరగా బయటపడాలని గైడ్ అనుకోవడం సహజం. ఆయన దగ్గరికి వెళ్లి “పొలం ఫలితం పెట్టాలా వద్దా సార్?” అని అడగకండి. ఆ ప్రశ్నకు “వద్దు” అన్న జవాబు ముందే వచ్చేసింది. రెండు పేజీల అధ్యాయ ప్రణాళిక, మీ పొలం లెక్కల పట్టిక, నేను పైన చెప్పిన రెండు పేపర్లు పట్టుకుని వెళ్లండి. “సార్, వైవాలో ఈ ప్రశ్న వస్తుంది, జవాబు మనమే ముందుగా రాసుకుందాం” అనండి. ఆయన పరువు కూడా దీనిలోనే ఉందని ఆయనకు అర్థమవుతుంది. అప్పటికీ కాదంటే, రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు మీరు ఎలాగూ క్రమం తప్పకుండా పురోగతి చెప్పాలి కదా, అక్కడ పొలం ఫలితాన్ని ఒక స్లైడ్‌గా చూపించండి. ఫిర్యాదులా వద్దు, ఫలితంలా చూపించండి. మినిట్స్‌లో నమోదైతే చాలు. ముందుగా ఆయనకు చెప్పకుండా మాత్రం ఆ స్లైడ్ పెట్టొద్దు, అది ఆయనను అందరి ముందు నిలబెట్టినట్టవుతుంది. గైడ్‌ను మార్చుకోవడం నిబంధనల్లో సాధ్యమే గానీ, ఒకే భవనంలో రోజూ మొహం చూసుకోవాల్సిన కాంట్రాక్టు ఉద్యోగికి అది చాలా ఖరీదైన పని. నేను ఆ వైపు తోయను.

35 వేల మధ్యవర్తి దగ్గర మాత్రం నేను ఏ వైపూ చూడను. కట్టొద్దు. ఓపెన్ యాక్సెస్ పత్రికలు (ఎవరైనా ఉచితంగా చదవగలిగేవి) రచయితల నుంచి రుసుము తీసుకోవడం వేరు. ఆ రుసుము పత్రిక వెబ్‌సైట్‌లో బహిరంగంగా ఉంటుంది, సమీక్ష ముగిసి పేపర్ అంగీకరించాకే అడుగుతారు. సమీక్షకు ముందే గ్యారంటీ ఇచ్చేవాడు సమీక్ష జరగదనే చెబుతున్నాడు. కొన్నిసార్లు అసలు పత్రిక పేరుతోనే నకిలీ సైట్ నడుపుతారు. పత్రిక స్కోపస్ జాబితాలో ఉందో లేదో, మధ్యలో తీసేశారో, డబ్బు కట్టకుండానే స్కోపస్ సైట్‌లో మీరే వెతికి చూడొచ్చు. ‘యూజీసీ కేర్’ (యూజీసీ ఆమోదించిన పత్రికల జాబితా) అన్న ముద్ర చూపిస్తే ఆ జాబితానే యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఎత్తేసిందని గుర్తుంచుకోండి. 2023లో ఒక్క ప్రచురణ సంస్థే 8 వేలకు పైగా పేపర్లు వెనక్కి తీసుకుంది. అలా వెనక్కి తీసుకున్న పేపర్ మీద ఆ మాట రచయిత పేరు పక్కనే శాశ్వతంగా ఉంటుంది. ఇన్‌స్పెక్షన్ రెండు రోజుల్లో అయిపోతుంది.

పీహెచ్‌డీకి పేపర్ కావాలా అన్నది కూడా మీరు చేరిన సంవత్సరం మీదే ఆధారపడుతుంది. 2016 నిబంధనల్లో రిఫరీడ్ జర్నల్‌లో (నిపుణుల సమీక్ష ఉండే పత్రికలో) ఒక పేపర్, రెండు కాన్ఫరెన్సు ప్రెజెంటేషన్లు తప్పనిసరి. 2022లో ఆ షరతు తీసేశారు గానీ యూనివర్సిటీలు సొంతంగా పెట్టుకోవచ్చు. ఏదైనా సరే, తుండు ప్రయోగాన్ని శుభ్రంగా చేసి రాస్తే అది నిజమైన పత్రికకు పంపదగ్గ పేపర్. ఇన్‌స్పెక్షన్ నాటికి రాదు. విభాగాధిపతితో “సమీక్షలో ఉంది” అని చెప్పండి, రసీదు చూపించండి. ఆయన మొహం చిట్లించవచ్చు. ఆ మాత్రం భరించవచ్చు.

ఇప్పుడు మీ క్లాసు. మీ సీనియర్ చెప్పింది అబద్ధమేమీ కాదు, ప్రమోషన్ల లెక్క అలాగే ఉంది. కానీ సాయంత్రాలు తెలుగులో చెప్పడం మానేయమని నేను అనలేను. పాయింటర్, లూప్, అర్రే అన్న మాటలు ఇంగ్లిషులోనే ఉంచి వాటి నడక తెలుగులో చెబితే పిల్లలు నష్టపోరు. ఇంటర్వ్యూలో ఇంగ్లిషులో చెప్పాల్సి వస్తుందన్నది నిజమే. దానికి నెలాఖరున ఒక గంట విడిగా పెట్టండి.

ప్రోగ్రామింగ్ రాకపోవడం తెలుగు మీడియం జబ్బు అనుకునేవాళ్లకు ఒక సంగతి చెప్పండి. 2001లో వేర్వేరు యూనివర్సిటీల్లో మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు ముగించిన 216 మందికి పరీక్ష పెడితే 110కి సగటున 23 మార్కులు కూడా రాలేదు. కంప్యూటర్ సైన్స్ బోధన మీద అప్పటి నుంచి జరిగిన పరిశోధనకు అది పెద్ద మలుపు. చదివి చెప్పగలగడం రాకముందే రాయమనడం దగ్గరే చాలామంది పడిపోతున్నారని ఆ తర్వాతి పనుల్లో తేలింది. కాబట్టి ల్యాబులో మొదటి పావుగంట మెషీన్లు ఆపేయండి. పది లైన్ల ప్రోగ్రాం బోర్డు మీద రాసి, ఒక్కో లైను తర్వాత వేరియబుల్‌లో ఏముందో పట్టిక గీయించండి. దానికి పక్క జిల్లా మార్కాపురం పలక అయినా సరిపోతుంది, తుడిచి మళ్లీ రాసుకోవచ్చు. ప్రోగ్రాం లైన్లను కలగాపులగం చేసి ఇచ్చి వరుస పెట్టమనడం ఇంకో మంచి పద్ధతి, దిద్దడానికీ తక్కువ సమయం పడుతుంది. రికార్డు ఏఐతో రాసుకొచ్చినా పోనివ్వండి. సంతకం పెట్టే ముందు అందులో ఒక్క లైను మార్చి “ఇప్పుడు ఏమొస్తుంది?” అని అడగండి. రెండు వారాల్లో ఆ కబురు హాస్టల్ అంతా పాకుతుంది.

మీ తప్పుల నోటుబుక్కు పారేయకండి. ఏ తప్పు ఎంతమంది, ఏ వారంలో చేశారన్నది తేదీలతో రాస్తే అది కూడా పరిశోధనే. కంప్యూటింగ్ బోధన మీద మన దేశంలోనే ఏసీఎం ఇండియా అనే కంప్యూటింగ్ నిపుణుల సంఘం ‘కంప్యూట్’ సదస్సు నడుపుతోంది. పీహెచ్‌డీ మధ్యలో రెండో కుంపటి పెట్టుకోమని కాదు, పోగుచేసి ఉంచుకోండి.

రైతుబిడ్డలైన మీ విద్యార్థులను పొలం ఫొటోల పనిలో ప్రాజెక్టుగా చేర్చుకోవచ్చు. ఒక జాగ్రత్త ఉంది. ఇష్టమున్న వాళ్లనే తీసుకోండి, మార్కులతో ముడిపెట్టకండి, పని చేసిన ప్రతి ఒక్కరి పేరూ రాయండి. మీ పీహెచ్‌డీకి వాళ్లతో చాకిరీ చేయించారన్న మాట రాకూడదు.

22 గంటల గురించి. యూజీసీ 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ప్రత్యక్ష బోధన వారానికి 16 గంటలు. కాంట్రాక్టు వాళ్లు ఆ కాగితం చూపించి పోట్లాడటం కష్టమని తెలుసు. కానీ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరేటప్పుడు, మీ ఉద్యోగ విధులు పరిశోధనకు సమయం ఇస్తాయని యాజమాన్యమే ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇచ్చి ఉంటుంది. దాన్ని ముందు పెట్టి, గంటలు తగ్గించకపోయినా క్లాసులన్నీ నాలుగు రోజుల్లోకి సర్దమని అడగండి. పొలానికి వెళ్లడానికి ఒక రోజు దొరుకుతుంది. రాతపూర్వకంగా, మర్యాదగా, సెమిస్టర్ మొదలవకముందే.

మానేయడం గురించి కూడా తెరిచి మాట్లాడుకుందాం, అది అవమానమేమీ కాదు. మీకు నెట్ (లెక్చరర్లకు జాతీయ అర్హత పరీక్ష) ఉందని రాశారు. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు నెట్ గానీ రాష్ట్ర స్థాయి పరీక్ష సెట్ గానీ కనీస అర్హత, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. కాబట్టి మానేస్తే మీ ఉద్యోగ అర్హత పోదు. అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే మాత్రం పీహెచ్‌డీ కావాలి, రెగ్యులర్ పోస్టుల పోటీలోనూ అది లేనివాళ్లు వెనకబడతారు. మీ వారు “ఆపేయ్” అనడం వెనక, ఇది ఎప్పటికీ తెమలదేమోనన్న విసుగు ఉందనిపిస్తోంది. ఆయనకు ఒక తేదీ చెప్పండి: ఫలానా నెలలో సబ్మిట్ చేస్తాను, అప్పటికీ కాకపోతే మధ్య దారిలో ముగించేస్తాను అని. పాప పదో తరగతి పరీక్షలు ఆ లెక్కలో ముందుగానే చూసుకోండి.

రబీ దారి ఎంచుకుంటే, సోమశిల జలాశయంలో నీళ్లుండి ఎడగారుకు (రబీ తర్వాత వేసే రెండో వరి పంటకు) వదిలితే ఆ పంటలోనే మీ నాన్నగారి పొలంలో చిన్నగా ఒక నమూనా చేసి చూడండి, ఫొటోలు తీసే పద్ధతిలో లోపాలు అక్కడే బయటపడతాయి. రబీ నారుమళ్లు అక్టోబరులో మొదలవుతాయి. అప్పటికి కమిటీ మినిట్స్, రైతుల ఒప్పుకోలు, పరిశోధన కేంద్రం అనుమతి చేతిలో ఉండాలి. మొదట అడగాల్సింది పరిశోధన కేంద్రాన్నే. తెగుళ్ల పేర్లు సరిచూడటానికి అక్కడ ఎవరూ ఒప్పుకోకపోతే ఈ దారి మీద నా మొగ్గు కూడా తగ్గుతుంది, అప్పుడు మధ్య దారే మీకు మంచిది. విభాగాధిపతి ద్వారా ఆ ఉత్తరం ఈ వారమే పంపండి.